తాత కోటు మీద ఉన్నది మెడలా, బంట్రోతు బిళ్లా?

పాత ఫోటోలో ముఖం గుర్తుపట్టలేకపోయినా, ఛాతీ చూసి తారీఖు పట్టొచ్చు

వాట్సాప్‌లో ఇలాంటి ఫోటో మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. షేర్వానీ, తలపాగా, ఛాతీకి అడ్డంగా వెడల్పాటి పట్టీ, ఎడమ పక్కన తళతళలాడే నక్షత్రం. కింద ‘ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడు, మన ఏడో నిజాం’ అని క్యాప్షన్. తీరా చూస్తే అది ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఫోటో!

క్యాప్షన్ ఎవరైనా ఏదైనా రాయొచ్చు. ముఖం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. నూరేళ్ల కిందటి ఫోటోలో మీసం, తలపాగా పోలికలు కలిస్తే తండ్రెవరో కొడుకెవరో చెప్పడం కష్టమే. ఛాతీ మీద పెట్టుకున్నవి మాత్రం అంత తేలిగ్గా అబద్ధం ఆడవు. ఎందుకంటే ప్రతి పతకానికీ ఓ పుట్టిన సంవత్సరం ఉంటుంది. అది పుట్టకముందు తీసిన ఫోటోలో అది ఉండదు గదా!

ఇది రాజుల ముచ్చటే అనుకోకండి. ఒకప్పుడు తాలూకాగా ఉన్న మా బోథ్‌లో, అటు ఇచ్చోడలో, ఉట్నూరులో పాత ఇళ్ల గోడలు చూడండి. పొగచూరిన ఫ్రేములో నిటారుగా నిలబడ్డ ముత్తాత, కోటు మీద గుండ్రటి బిళ్ల ఒకటి. ‘ఫౌజుల పనిచేసిండట’ అంటారు. ‘నిజాం ఇచ్చిండట’ అంటారు. ఇంతకంటే ఎవరికీ తెలియదు. ఇక అసలు పతకం పెట్టె అడుగున ఉంటే, ఇల్లు పంచుకునే రోజున అది వెండి లెక్కన అవుసలి తరాజులోకి పోతుంది. దాని అంచు మీద తాత పేరు చెక్కి ఉందేమో అని ఎవరూ చూడరు.

ఇద్దరు నిజాంలు, మూడు నక్షత్రాలు

ముందు ఓ చిన్న తేడా తెలుసుకోవాలి. ‘మెడల్’ వేరు, ‘ఆర్డర్’ వేరు. యుద్ధానికో పట్టాభిషేకానికో గుర్తుగా ఇచ్చేది మెడల్. ఆర్డర్ అంటే ఓ పెద్ద మనుషుల సంఘంలో సభ్యత్వం లాంటిది. అందులో తరగతులుంటాయి. పై తరగతి వాళ్లకు భుజం మీంచి నడుము దాకా పట్టీ, ఛాతీ మీద నక్షత్రం, పెద్ద పండుగలకు మెడలో హారం, ఒంటిమీద పట్టు అంగీ. కింది తరగతికి చిన్న బిళ్లతో సరి.

మన సంస్థానాధీశుల ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది ‘స్టార్ ఆఫ్ ఇండియా’. విక్టోరియా రాణి 1861లో పెట్టింది. పట్టీ లేత నీలం, అంచులు తెలుపు. నక్షత్రం మధ్యలో మళ్లీ ఐదు కోణాల చిన్న నక్షత్రం ఉంటుంది. గమ్మత్తేమంటే, ఇంగ్లండ్ ఆర్డర్లలో మామూలుగా కనిపించే శిలువ గుర్తు ఇందులో లేదు. హిందువులు, ముస్లింలు, సిక్కులు ఛాతీ మీద శిలువ పెట్టుకోవాలంటే ఇబ్బంది పడతారని ఆలోచించారు. ‘గ్రాండ్ క్రాస్’ అనే పేరును కూడా ‘గ్రాండ్ కమాండర్’ అని మార్చారు. జీసీఎస్ఐ అంటే అదే.

దాని తమ్ముడు ‘ఇండియన్ ఎంపైర్’ ఆర్డర్, 1878 నాటిది. పట్టీ ముదురు ఊదా. హారం చూస్తే వెంటనే దొరికిపోతుంది. ఏనుగులు, నెమళ్లు, గులాబీలు వరుసగా ఉంటాయి. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మహారాజా కిషన్ పర్షాద్‌ది ఈ ఆర్డరే. రెండూ ఉన్నవాళ్లు స్టార్ ఆఫ్ ఇండియాను పైన, దీన్ని కింద పెట్టుకునేవాళ్లు.

ఇప్పుడు మన వాట్సాప్ ఫోటో దగ్గరికి వద్దాం. మహబూబ్ అలీ ఖాన్‌కు 1884లో జీసీఎస్ఐ వచ్చింది. ఆ తర్వాత 1900ల మొదట్లో ‘ఆర్డర్ ఆఫ్ ది బాత్’లో పై తరగతి కూడా ఇచ్చారు. ఆయన 1911లో చనిపోయారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అదే 1911లో జీసీఎస్ఐ ఇచ్చారు. అంటే స్టార్ ఆఫ్ ఇండియా ఒక్కటే చూసి తండ్రీకొడుకులను విడదీయలేం. రెండో నక్షత్రం చూడాలి. దాని మధ్యలో మూడు కిరీటాలుంటే బాత్, అంటే తండ్రి. కొడుక్కి బాత్ లేదు. ఆయనకు 1917లో ‘బ్రిటిష్ ఎంపైర్’ ఆర్డర్ వచ్చింది. అది పుట్టిందే ఆ ఏడాది. మొదటి ప్రపంచ యుద్ధానికి నిజాం పెట్టిన ఖర్చుకు ఇంగ్లండ్ చెప్పిన థ్యాంక్స్ అనుకోండి. మరుసటి ఏడాది ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే బిరుదు కూడా ఇచ్చారు. కాబట్టి పాత ఫోటో అట్ట మీద ఆ మూడు మాటలు అచ్చై ఉంటే, అందులో ఉన్నది ఆరో నిజాం అయ్యే అవకాశమే లేదు.

బ్రిటిష్ ఎంపైర్ నక్షత్రంలో ఇంకో తమాషా ఉంది. మొదట్లో దాని మధ్యలో కూర్చున్న బ్రిటానియా దేవత బొమ్మ ఉండేది. 1937లో అది తీసేసి ఐదో జార్జి, మేరీ రాణి తలలు పెట్టారు. ఊదా పట్టీ కూడా అప్పుడే గులాబీ రంగైంది, బూడిద రంగు అంచులతో. నాలుగు వేళ్ల వెడల్పున్న ఆ చిన్న వస్తువును జూమ్ చేస్తే, ఫోటో 1937కు ముందుదా తర్వాతదా అన్నది ఓ అంచనాకు వస్తుంది. ఇక మెడలో ‘రాయల్ విక్టోరియన్ చెయిన్’ కనిపించిందా, 1946కు ముందు ఫోటో కాదు. అది ఆయనకు వచ్చిందే అప్పుడు.

ఒక జాగ్రత్త. పతకం ఉంటే ‘ఈ సంవత్సరానికి ముందు కాదు’ అని గట్టిగా చెప్పొచ్చు. లేకపోతే మాత్రం ఏమీ చెప్పలేం. వచ్చినవన్నీ రోజూ ఎవరు పెట్టుకు తిరుగుతారు? అందులోనూ మన ఏడో నిజాం మాసిన షేర్వానీతో తిరిగేవారని కథలు కథలుగా చెప్పుకుంటారాయె.

యాప్ వేసిన రంగు నమ్మొద్దు

ఈ మధ్య పాత ఫోటోలకు రంగులేసే యాప్‌లు వచ్చాయి. చూడ్డానికి బాగుంటాయి, నిజమే. కానీ పతకాల విషయంలో వాటిని నమ్మితే మునిగినట్టే. ఎందుకో తెలియాలంటే మీ ఇంట్లో నాయనమ్మల కాలం నాటి పెళ్లి ఫోటో తీయండి. నుదుటి మీద కుంకుమ బొట్టు ఏ రంగులో ఉంది? నల్లగా, కాటుక చుక్కలా ఉంటుంది. ఆకాశం చూడండి, తెల్ల కాగితంలా ఉంటుంది.

అప్పటి గాజు పలకలకు పూసే మందుకు నీలం వెలుగు బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందుకే నీలం తెల్లబడుతుంది, ఎరుపూ పసుపూ నల్లబడతాయి. అన్ని రంగులనూ పట్టే ఫిల్ము వాడకం 1920లు, 30ల్లోగానీ పెరగలేదు. స్టార్ ఆఫ్ ఇండియా లేత నీలం పట్టీ పాత ఫోటోలో ఇంచుమించు తెల్లగా కనిపిస్తుంది. బాత్ ఆర్డర్ ఎర్ర పట్టీ నల్లగా పడుతుంది. ఈ సంగతి యాప్‌కు తెలియదు. తెల్లగా ఉందని తెలుపో గోధుమ రంగో పూసేస్తుంది. మనకు తెలిస్తే మాత్రం, తెలుపు నలుపుల్లోంచే అసలు రంగు లాగొచ్చు. పట్టీ పాలిపోయి ఉంటే లేత నీలమేమో, నల్లగా ఉంటే ఎరుపేమో అని మొదలుపెట్టాలి.

ఇంకోటి, సెల్ఫీలాగా తిరగబడ్డ ఫోటోలు. నెగెటివ్‌ను అటుదిటుగా పెట్టి ప్రింట్ తీసినా, ఎవరో ఫోన్‌లో ఫ్లిప్ కొట్టినా కుడి ఎడమలు మారిపోతాయి. నక్షత్రం ఎప్పుడూ ఎడమ ఛాతీ మీదే. పట్టీ కుడి భుజం మీంచి ఎడమ నడుముకు దిగుతుంది. మనం ఎదురుగా చూస్తున్నప్పుడు మన ఎడమ పైమూల నుంచి కుడి కిందికి అన్నమాట. రెండూ తారుమారైతే ఫోటో తిరగబడినట్టే. నక్షత్రం ఎడమ ఛాతీ మీదే ఉండి పట్టీ ఒక్కటే ఎడమ భుజం మీంచి దిగితే అది ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పెద్దదైన ‘గార్టర్’ కావచ్చు. అది మన నిజాంలకు ఎవరికీ దక్కలేదు. జపాన్ చక్రవర్తికి దక్కింది.

జపాన్ ఎందుకంటే, ఈ విద్యకు అక్కడి రాజకుటుంబం ఫోటోల కంటే మంచి పాఠం లేదు. మెయిజీ చక్రవర్తి 1873లో పాశ్చాత్య సైనిక దుస్తుల్లో దిగిన ఫోటో ఒకటుంది. జరీ పనేమో బోలెడు, పతకం ఒక్కటి లేదు. ఉండదు కూడా! జపాన్ మొదటి ఆర్డర్ ‘ఉదయించే సూర్యుడు’ పుట్టింది 1875లో. మరుసటి ఏడాది ‘చేమంతి’, 1888లో ‘పవిత్ర నిధి’, 1890లో సైనికుల కోసం ‘బంగారు గద్ద’ వచ్చాయి. అదే 1888లో గీయించి, ఫోటో తీసి స్కూళ్లకు పంచిన మెయిజీ చిత్రంలో ఛాతీ మీద పతకాలున్నాయి. 1906లో గార్టర్ ఇవ్వడానికి ఇంగ్లండ్ రాజకుమారుడు టోక్యో దాకా వెళ్లాడు. మనవడు హిరోహితోకు 1929లో ఇచ్చారు. 1941లో యుద్ధం మొదలయ్యాక పీకేశారు. మళ్లీ 1971లో తిరిగిచ్చారు. ఛాతీ మీద నక్షత్రం వచ్చిందా పోయిందా అన్నదాంట్లో రెండు దేశాల దోస్తీ, దుష్మనీ రెండూ కనిపిస్తాయి.

జపాన్ స్వతంత్ర దేశం, సొంత ఆర్డర్లు పెట్టుకుని ఇతర రాజులకూ పంచింది. నిజాం తన కొలువులో ఎక్కువగా పంచింది బిరుదు పేర్లు. జంగ్, దౌలా, ముల్క్ అని పేర్ల చివర వినిపించేవి అవే. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్‌కు కూడా ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు వచ్చింది. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన మనిషి. ఆయన 1905లో చనిపోయారు. ఆ తర్వాతి పతకం ఏదైనా ఉన్న ఫోటోను ‘దీన్ దయాళ్ స్వయంగా తీసింది’ అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. స్టూడియో మాత్రం ఆయన తర్వాతా నడిచింది.

పేరు ముందు ‘సర్’ ఉంటే నక్షత్రం ఉండాల్సిందేనా? అక్కర్లేదు. 1936లో ఇంగ్లండ్‌లో మన క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉండగానే ‘సర్’ అయిన విజయనగరం రాజకుమారుడు ‘విజ్జీ’ది నైట్ బ్యాచిలర్. దానికి పట్టీ లేదు, అడ్డంగా వేసుకునేదేమీ లేదు. 1947లో ఆయన ఆ బిరుదును వాపసు ఇచ్చేశారు కూడా. హైదరాబాద్ కొత్వాల్ రాజా బహదూర్ వెంకట్రామారెడ్డికి వచ్చిన ఓబీఈ అయితే బ్రిటిష్ ఎంపైర్ ఆర్డర్‌లోనే కింది తరగతి. రిబ్బన్‌కు వేలాడే చిన్న శిలువ, అంతే.

గోడ మీద ఉన్న ముత్తాత

రాజుల సంగతి సరే, మరి మన ఇంటి ఫోటో? ఇక్కడ పని ఇంకా కష్టం. ఎందుకంటే పతకంలా కనిపించేవన్నీ పతకాలు కావు.

అడ్డంగా తోలు పట్టీయో గుడ్డ పట్టీయో ఉండి, దాని మీదనే ఇత్తడి బిళ్ల ఉంటే అది ఆర్డర్ కాదు. కచేరీలో నౌకరీ. బిళ్ల బంట్రోతు అనే మాట వినే ఉంటారు. చప్రాసీ అనే పేరు వచ్చిందే ‘చప్రాస్’ నుంచి, అంటే ఆ బిళ్ల నుంచి. బిళ్ల మీద శాఖ పేరు ఉంటుంది. నిజాం సర్కారులో 1880ల నుంచి కచేరీ భాష ఉర్దూ కాబట్టి రాత ఉర్దూలో ఉంటుంది. అడవి శాఖలో చౌకీదారో, తహసీల్‌లో చప్రాసీయో అయిన ముత్తాతను మనవలు ‘మెడల్ వచ్చింది’ అని చెప్పుకుంటుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు. నన్నడిగితే, ఎవరో వైస్రాయి చేతిలో అందుకున్న నక్షత్రం కంటే, అడవిలో నడిచి తిరిగి సంపాదించిన ఆ బిళ్ల వెనక కథే ఎక్కువ ఉంటుంది.

రెండోది రూపాయల దండ. హైమన్‌డార్ఫ్ దంపతులు 1940ల్లో మార్లవాయిలో ఉండి మన గోండు గూడేలను ఫోటోలు తీశారు. ఆ సేకరణ ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉంది. అలాంటి పాత ఫోటోల్లో మెడలో వేలాడేవాటిని జూమ్ చేస్తే, చాలాసార్లు అవి కుచ్చు కొక్కెం అతికించిన రూపాయలు. చార్మినార్ బొమ్మ ఉంటే నిజాం హాలీ సిక్కా. చార్మినార్ గుమ్మంలో ఓ ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్, ‘ఐన్’ అయితే ఉస్మాన్. రాణి తల ఉంటే కంపెనీ వాళ్ల కల్దార్ రూపాయి అని పాతవాళ్లు అంటారు. పద్య నాటకాల నటులు, పహిల్వాన్లు సభల్లో వచ్చిన పతకాలన్నీ కోటుకు గుచ్చుకుని ఫోటో దిగడం కూడా అప్పట్లో మామూలే. ఒకే సైజు, ఒకే రిబ్బన్ లేకుండా రకరకాలుగా ఉంటే అనుమానించాలి.

ఇక నిజంగా ఫౌజులో చేసినవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు గుర్రాల మీద ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో 1922లో నిలబెట్టిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సైనికులవే. ఆ యుద్ధానికి వెళ్లినవాళ్లకు సాధారణంగా వచ్చినవి రెండు. ఒకటి 36 మిల్లీమీటర్ల వెండి ‘బ్రిటిష్ వార్ మెడల్’. రెండోది ఇంద్రధనుస్సు రిబ్బన్ ఉండే ‘విక్టరీ మెడల్’. ముందే వెళ్లినవాళ్లకు కంచు నక్షత్రం కూడా. మూటలు మోసిన, రోడ్లు వేసిన కూలీ దళాల వాళ్లకు అదే వార్ మెడల్‌ను వెండిలో కాకుండా కంచులో ఇచ్చారు. తూకం పెరిగితే తప్ప విలువ ఉండదనుకునే అవుసలికి అది పనికిరాని లోహం. కానీ చరిత్ర వెతికేవాళ్లకు దొరకడం అరుదు.

ఈ మెడల్స్ అంచు మీద, రూపాయికి గాట్లు ఉండే చోట, సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అచ్చేసి ఉంటాయి. ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసుకున్న స్పెల్లింగు కాబట్టి పేరు వింతగా ఉండొచ్చు. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది గానీ ఆ గీతలు అరిగిపోతాయి. తోమకండి. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా, వెలుగు ఏటవాలుగా పడేట్టు ఫోన్‌తో అంచు చుట్టూ నాలుగైదు ఫోటోలు తీయండి. ఒకటి కాకుంటే ఒకదాంట్లో అక్షరాలు లేచి కనిపిస్తాయి. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఎగిరినప్పుడు ఈ వార్ మెడల్స్ ప్రపంచమంతటా కుప్పలుగా కరిగిపోయాయి. మిగిలింది మీ పెట్టెలో ఉందేమో చూడండి.

వెనక రాసిన 1350

ఆఖరుగా ఓ చిక్కుముడి. ఫోటో వెనక ఉర్దూ అంకెల్లో 1350 అని రాసుందనుకోండి. అది హిజ్రీ అయితే మన లెక్కలో 1931-32. కానీ నిజాం కచేరీల్లో నడిచింది ఫస్లీ. దానికి 590 కలపాలి, అంటే 1940-41. ఒకే అంకె, తొమ్మిదేళ్ల తేడా. ఆ తొమ్మిదేళ్లలో ఫోటోలోని పిల్లాడు మీ తాతో, మీ తాత అన్నో తేలిపోయే పరిస్థితి ఉంటుంది.

అప్పుడు మళ్లీ కోటు చూడాలి. ఐదో జార్జి పాతికేళ్ల పాలనకు 1935లో జూబిలీ మెడల్ ఇచ్చారు. వెండిది, ముందువైపు రాజూ రాణీ తలలు పక్కపక్కన, వెనక 1910, 1935 తేదీలు. రిబ్బన్ ఎరుపు, అంచుల్లో నీలం తెలుపు గీతలు. పాత ఫోటోలో మధ్య అంతా నల్లగా, అంచులు మాత్రం తెల్లగా వస్తాయి. అధికారులకు కూడా ఈ మెడల్ దక్కింది. అది కోటు మీద ఉంటే 1350 హిజ్రీ అయ్యే ప్రసక్తే లేదు. మెడల్ పుట్టకముందే ఫోటో ఎలా దిగుతాడు? ఫస్లీయే.

కాకపోతే 1911 ఢిల్లీ దర్బారు మెడల్ మీద కూడా ఇదే రాజూ రాణీ ఉంటారు. అది కాస్త పెద్దది, వెనకవైపు ఫారసీ రాత ఉంటుంది. రిబ్బన్ నీలం, నడుమ రెండు సన్నటి ఎర్ర గీతలు. అంటే ఫోటోలో తెల్లటి రిబ్బన్ మధ్య రెండు నల్ల గీతలు. ఇది ఉంటే పైన చెప్పిన లెక్క పనిచేయదు, 1931 కూడా సాధ్యమే.

ఉర్దూ చదివేవాళ్లు మన బోథ్‌లో దొరక్కపోరు. బిళ్ల మీది రాత, ఫోటో వెనక రాత ముందు వాళ్లతో చదివించండి. నిజాం కాలం నాటి నౌకరీ కాగితాల కోసమైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. పోయేముందు తాత పేరు, శాఖ, ఫస్లీ సంవత్సరం ఓ కాగితం మీద రాసుకుని, బిళ్ల ఫోటో ఫోన్‌లో పెట్టుకుని పోండి. ఫ్రేము మాత్రం ఇంట్లోనే ఉంచండి, బస్సులో అద్దం పగులుతుంది.